“నాన్నకి మాత్రం చెప్పకండి సార్”

విశాఖలో కూర్మన్నపాలెం జంక్షన్‌ దగ్గర ఆటో ఎక్కితే అగనంపూడి ఎంతో దూరం కాదు. అక్కడున్న హోమీ భాభా ఆస్పత్రి పేరులోనే క్యాన్సర్ అనే మాట ఉంది. ఇలాంటి ఆస్పత్రులకి తండ్రిని తీసుకొచ్చే కొడుకులు చాలామంది ఒకే పని చేస్తారు. తండ్రిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ముందు తామొక్కరే డాక్టర్ గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి చెబుతారు: “నాన్నకి మాత్రం చెప్పకండి సార్. గడ్డ అని చెప్పాం. తెలిస్తే తిండి మానేస్తాడు.” బయట ఆ తండ్రి ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఫైలు అట్ట మీద ఆస్పత్రి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ముప్పై ఏళ్లు స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసి రిటైరైన మనిషి అనుకోండి, ఆ అక్షరాలు చదవలేడా?

కొడుకుది దురుద్దేశం కాదు, భయం. తండ్రి మౌనం కూడా అమాయకత్వం కాకపోవచ్చు. తనకి తెలుసని పిల్లలకి తెలిస్తే వాళ్లు కుంగిపోతారని ఆయనా ఊరుకుంటాడు. ఒకరినొకరు కాపాడుకోబోయి ఇద్దరూ ఒంటరివాళ్లవుతారు. మధ్యలో ఉన్న డాక్టర్ ఏం చేయాలి? రోగికి నిజం చెప్పాలా, కుటుంబం మాట వినాలా? వైద్యనీతి అనే శాస్త్రం తలకెత్తుకున్నది ఇలాంటి ప్రశ్నల్నే. అది రెడీమేడ్ జవాబులు ఇవ్వదు. ఏమేం అడగాలో, ఎవరిని ముందు అడగాలో చెబుతుంది. మన దగ్గర తరచూ తప్పుతున్నది ఆ రెండోదే. అందరినీ అడిగాక, టైముంటే, రోగిని అడుగుతున్నాం.

ఈ రంగంలో ఎక్కువగా వినిపించేవి నాలుగు సూత్రాలు. టామ్ బీచమ్, జేమ్స్ చిల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1979లో వీటిని ఒకచోటికి తెచ్చారు. రోగి తన గురించి తాను నిర్ణయించుకునే హక్కును గౌరవించడం, మేలు చేయడం, హాని చేయకపోవడం, న్యాయంగా ఉండడం. చూడటానికి ఎవరైనా ఒప్పుకునే మాటలే. కానీ వీటి వెనక పెద్ద గాయాలున్నాయి. నాజీ డాక్టర్లు ఖైదీల మీద చేసిన ప్రయోగాల విచారణ తర్వాత 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వచ్చింది. మనిషి ఇష్టపూర్వకమైన సమ్మతి లేనిదే ప్రయోగం చేయకూడదన్నది అందులో మొదటి వాక్యం. అయినా అమెరికాలోని టస్కీగీలో 1932లో మొదలైన అధ్యయనం 1972 దాకా ఆగలేదు. సిఫిలిస్ ఉన్న నల్లజాతి పేదల్ని, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా మందివ్వకుండా గమనిస్తూ కూర్చున్నారు. సమ్మతి అనే మాటకి ఇవాళ ఇంత బరువు వచ్చింది ఆ మనుషుల వల్లే.

ఈ నాలుగింటిలో ఇది పైది, అది కిందిది అని వరస లేదు. తరాజులో రాళ్లలాగా ఏ కేసుకి ఏది ఎంత బరువు తూగుతుందో ఆ కేసులోనే తేల్చుకోవాలి. అగనంపూడి బెంచీ మీద కూర్చున్న తండ్రి విషయమే తీసుకుంటే, కొడుకు ‘హాని చేయకపోవడం’ వైపు నుంచి మాట్లాడుతున్నాడు. నిజం తెలిస్తే నాన్న తట్టుకోలేడన్నది అతని వాదన. దాన్ని తీసిపారేయడానికి లేదు. భారత వైద్య మండలి 2002 నియమావళి కూడా రోగి పరిస్థితి తీవ్రతను డాక్టర్ పెంచి చెప్పకూడదు, తగ్గించీ చెప్పకూడదు అంటూనే, రోగితోపాటు బంధువులు, బాధ్యతగల స్నేహితుల్నీ ప్రస్తావిస్తుంది. మన నియమాల్లో కుటుంబానికి చోటుంది. ఉండాలి కూడా. కీమోకి తోడు వచ్చేదీ, రాత్రి వాంతులైతే బేసిన్ పట్టేదీ కుటుంబమే కదా.

చిక్కంతా దాచడం వల్ల జరిగే హానిని ఎవరూ లెక్కలో వేయకపోవడం దగ్గర వస్తుంది. రోగం పేరు తెలియని మనిషి జుట్టు ఎందుకు రాలుతోందో తెలియక బెంగపడతాడు. కొడుకు పేరున రాయాల్సిన స్థలం వాయిదా వేస్తాడు. సింహాచలం కొండకి ఒకసారి వెళ్లొద్దామన్న కోరిక “తగ్గాక చూద్దాంలే” దగ్గర ఆగిపోతుంది. మిగిలిన రోజులు ఎలా గడపాలో తేల్చుకునే అవకాశం ఆయన చేయి దాటిపోతుంది. ఇవన్నీ హానే.

అలాగని రిపోర్టు చేతిలో పెట్టి, “మీకు ఫోర్త్ స్టేజ్” అనేసి పంపించేయడాన్ని రోగి హక్కును గౌరవించడం అనలేం. తెలుసుకునే హక్కు ఉన్న మనిషికి, వద్దనుకునే హక్కూ ఉంది. అనుభవమున్న డాక్టర్లు ఇక్కడ ఒక చిన్న దారి పడతారు. ఏం చెప్పాలో నిర్ణయించుకునే ముందే రోగిని అడుగుతారు: “మీ జబ్బు గురించి మీకు ఇప్పటిదాకా ఏం తెలుసు? టెస్టుల్లో ఏం వచ్చిందో మీతోనే మాట్లాడమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?” ఈ రెండు ప్రశ్నలతో కొడుకు మీద భారం తగ్గుతుంది, తండ్రి మర్యాదా దక్కుతుంది. “నాకెందుకు బాబూ, మావాడికి చెప్పండి” అని ఆయనే అంటే, అది ఆయన నిర్ణయం. కొడుకు తలుపేసి చెప్పిన దానికీ, తండ్రి నోటితో అన్న దానికీ చాలా తేడా ఉంది. రెండు సందర్భాల్లోనూ చివరికి డాక్టర్ మాట్లాడేది కొడుకుతోనే కావచ్చు.

ఇక సంతకం సంగతి. వైద్యనీతి మీద మాట్లాడేవాళ్లంతా సమ్మతి గురించి చెబుతారు. కానీ క్యాజువాలిటీలో సంతకం ఎలా పడుతుందో దగ్గర నుంచి చూడాలి. స్ట్రెచర్ మీద మనిషి మూలుగుతుంటాడు. సిస్టర్ కేస్ షీట్ తిప్పి, అడుగునున్న ఫారం బయటికి లాగి, పెన్నుతో మూడు చోట్ల టిక్కు పెడుతుంది. “ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ.” ఆపరేషన్ పేరు రాయాల్సిన చోట గీత ఇంకా ఖాళీగానే ఉంటుంది. సంతకం రాదంటే ఇంకు ప్యాడ్ వస్తుంది. వేలికంటిన నీలం రంగు తుడుచుకోవడానికి గుడ్డ దొరక్క, ఆ మనిషి గోడకి రాస్తాడు. మొత్తం నిమిషం పట్టదు. సిస్టర్ని తప్పు పట్టలేం, ఆమె వెనక ఇంకో నాలుగు స్ట్రెచర్లు ఉంటాయి.

ఆ ఫారంలో ‘శస్త్రచికిత్సానంతరం తలెత్తగల ఉపద్రవములు’ లాంటి మాటలుంటాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన రైతుకి అది తెలుగులా వినిపించదు. “కుట్ల దగ్గర చీము పట్టొచ్చు, రక్తం ఎక్కించాల్సి రావొచ్చు, పదిరోజులు ఇక్కడే ఉండాల్సి రావొచ్చు” అంటే అర్థమవుతుంది. పాడేరు కొండల మీద నుంచి విశాఖలోని పెద్దాస్పత్రి కేజీహెచ్‌కి వచ్చే వాళ్లలో ఇంట్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లకి మామూలు తెలుగు కూడా పరాయి భాషే. ఫారం చదివి వినిపించామన్నది అక్కడ చాలదు. విన్నది తిరిగి చెప్పమనడం ఒక మంచి పద్ధతి: “ఇప్పుడు మీ ఇంటికి ఫోన్ చేసి ఏ ఆపరేషన్ అని చెబుతారు?” జవాబును బట్టి ఏం అందిందో, ఏం అందలేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునే దానికన్నా స్పష్టంగా ఉంది. 2008లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో, పరీక్ష కోసం మత్తిచ్చిన మహిళకి, ఆమె మత్తులో ఉండగానే తల్లి చేత సమ్మతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. ఆమె మేజర్, మతి స్థిమితం ఉన్న మనిషి, ప్రాణాపాయం లేదు. అలాంటప్పుడు తల్లి సమ్మతి చెల్లదని కోర్టు తేల్చింది. పరీక్షకిచ్చిన సమ్మతి ఆపరేషన్‌కి సరిపోదు అంది. తల్లికే ఆ హక్కు లేదంటే, భర్త సంతకమో, మామగారి సంతకమో చాలనుకునే మన అలవాటు సంగతి చెప్పక్కర్లేదు. ప్రాణం మీదికి వచ్చిన ఎమర్జెన్సీ మాత్రం వేరు. 1989లోనే సుప్రీంకోర్టు, పోలీసు కాగితాల కోసం చూడకుండా ముందు ప్రాణం కాపాడాలని సర్కారీ, ప్రైవేటు డాక్టర్లందరికీ చెప్పింది.

సంతకం ఎవరిదన్న ప్రశ్న తెలుగు నేల మీద పెద్ద గొడవైన సందర్భం ఒకటుంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే అధ్యయనం మొదలైంది. వేలమంది పిల్లలకి టీకా వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో చదువుకునే గిరిజన బాలికలు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణమన్న ఆధారం విచారణలో దొరకలేదు. కానీ ఎన్నో ఫారాల మీద తల్లిదండ్రుల చోట వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేసినట్టు బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో దీన్ని గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదే, ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వేయించుకోమంటున్నదే. అయినా కొండ మీద ఉన్న తల్లిని అడగకుండా ఆమె బిడ్డ చేతికి సూది గుచ్చారన్న మాట మిగిలిపోయింది. ఆ తర్వాత ఆ ప్రాంతంలో టీకా అంటేనే అనుమానం పెరిగితే, తప్పు ఆ తల్లులది కాదు. నియమాలు ఇప్పుడు గట్టిపడ్డాయి. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, కొత్త మందు ప్రయోగంలో నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లని చేర్చుకుంటే సమ్మతి ప్రక్రియను వీడియో తీయాలి. ప్రయోగాలకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి బయటి సంస్థ మనిషే అధ్యక్షత వహించాలి. డాక్టర్లు కాని సామాన్యులకీ అందులో చోటుండాలి.

మేలు చేయడం, హాని చేయకపోవడం. ఈ రెండూ బాగా తగువు పడేది ఐసీయూ తలుపు దగ్గర. డెబ్భై ఎనిమిదేళ్ల పెద్దావిడ, ఇంక కోలుకోని మెదడు దెబ్బ, వెంటిలేటర్ మీద పన్నెండో రోజు. బయట మెట్ల మీద కూర్చున్న కుటుంబంలో ఒకరు “అమ్మని అలా వదిలేస్తామా” అంటారు. ఇంకొకరు పొలం అమ్మిన డబ్బు లెక్క చూసుకుంటూ మాట్లాడరు. చివరికి చాలా కుటుంబాలు ఎంచుకునే దారి, డాక్టర్ సలహాకి వ్యతిరేకంగా తీసుకెళ్తున్నామని రాసిచ్చి, అంబులెన్స్‌లో ఇంటికి తీసుకుపోవడం. కాగితం మీద అది కుటుంబం నిర్ణయం. అందులో ప్రేమ ఎంత, అప్పు ఎంత, ఇక ఆశ లేదని ఎవరూ నోరు తెరిచి చెప్పకపోవడం ఎంత, అన్నది ఆ కాగితంలో కనిపించదు. నొప్పి తగ్గించే మందు కూడా లేకుండా ఆ పెద్దావిడ దారిలో పడే బాధ కూడా కనిపించదు. దీన్ని కుటుంబం తప్పుగా చూడటం అన్యాయం. బతికే అవకాశం లేదని స్పష్టంగా చెప్పి, యంత్రాలు ఆపినా నొప్పి తెలియకుండా చూసుకుంటామని ఆస్పత్రి చెప్పగలిగితే, చాలామంది అలా రాసిచ్చి వెళ్లాల్సిన అవసరమే రాదు.

దీనికి చట్టబద్ధమైన దారి కూడా ఉంది. గౌరవంగా చనిపోయే హక్కు జీవించే హక్కులో భాగమని 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక కోలుకోలేని స్థితి వస్తే ఏ వైద్యం వద్దో చెప్పే కాగితం, అంటే లివింగ్ విల్, ముందుగానే రాసిపెట్టుకోవచ్చంది. మొదట్లో అది ఆచరణకి అందనంత కష్టంగా ఉండేది. 2023లో కోర్టే సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధృవీకరించుకుంటే చాలు. తాను మాట్లాడలేని స్థితిలో ఎవరు మాట్లాడాలో అందులో రాయొచ్చు. అవసరమైన రోజున ఆస్పత్రిలో ఒక వైద్య బోర్డు, దాని మీద రెండో బోర్డు చూసి ఒప్పుకోవాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. ఇందులో ఇంజెక్షన్ ఇచ్చి చంపడం ఎక్కడా లేదు. పని చేయని వైద్యాన్ని ఆపడం మాత్రమే ఉంది. ఏ డాక్టర్ డ్యూటీలో ఉన్నా మాట మారకూడదంటే, మనసులో మాట కాగితం మీద ఉండటమే మంచిది.

న్యాయం అనే సూత్రాన్ని పాఠాల్లో చివర చెబుతారు. ఉత్తరాంధ్రలో దాన్ని మొదట చెప్పాలి. 1960ల మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో డయాలసిస్ మెషిన్లు కొన్నే ఉండేవి, రోగులు చాలామంది. ఎవరికి మెషిన్ ఇవ్వాలో తేల్చడానికి ఎక్కువమంది డాక్టర్లు కానివాళ్లే ఉన్న ఒక కమిటీ వేశారు. వాళ్లు వయసు, సంపాదన, పిల్లలు, చర్చికి వెళ్తారా లేదా అన్నవి కూడా చూశారు. 1962లో ఆ సంగతి పత్రికలో వచ్చాక పెద్ద దుమారం రేగింది. ఎవరి ప్రాణం విలువైనదని తేల్చే అర్హత ఎవరికుంది? ఇదే ప్రశ్న మన ఉద్దానానికి కమిటీ లేకుండానే వచ్చింది. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీలు పాడైనవాళ్లు ఒకప్పుడు డయాలసిస్ కోసం దగ్గర దగ్గర 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖ రావాల్సి వచ్చేది. వారానికి రెండుసార్లో మూడుసార్లో. ఎవరు బతకాలో అక్కడ బస్సు చార్జీ, కూలి పోయిన రోజులు తేల్చాయి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి. నీతి ప్రశ్నకి కొన్నిసార్లు జవాబు దగ్గర్లో ఆస్పత్రి కట్టడమే. డోలీ మోతల గురించి పేపర్లో చదివిన ప్రతిసారీ ఇది గుర్తొస్తుంది. రోడ్డు లేని ఊరి గర్భిణికి, ఏ ఆస్పత్రిలో పురుడు పోసుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ ఉందని చెప్పడంలో అర్థం లేదు.

2021 ఏప్రిల్‌లో దేశంలో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మన స్టీల్‌ప్లాంట్‌లోనే ట్యాంకర్లు నింపుకుని మహారాష్ట్రకి వెళ్లింది. ఆ రోజుల్లో విశాఖలో కూడా కోవిడ్ పెరుగుతోంది. మన ఊరి ఆక్సిజన్ వేరే రాష్ట్రానికి ఎందుకన్న బాధ సహజమే. కానీ పంపడమే సరైనదని చెప్పడానికి నీతిలో బలమైన కారణం ఉంది: ఆపద ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడికి ముందు. ఊరు, కులం, పలుకుబడి చూడకుండా, అవసరం ఎంత, బతికే అవకాశం ఎంత అని మాత్రమే చూడటం పంపకంలో న్యాయం. అదే నియమం రేపు మనకి అవసరమైనప్పుడు మనకీ వర్తించాలి.

అవయవాల విషయంలో ఈ నాలుగు సూత్రాలూ ఒకేచోట కలుస్తాయి. 1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం బ్రెయిన్ డెత్‌ని నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధృవీకరించాలి. అవయవం అమర్చే టీమ్‌లో వాళ్లెవరూ ఉండకూడదు. అమర్చేవాళ్ల ఆత్రుత చనిపోయాడని తేల్చే చోటికి రాకూడదన్నదే అందులో ఉద్దేశం. చనిపోయినవాళ్ల అవయవాలు, రాష్ట్ర అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లకి, దాని నిబంధనల ప్రకారం వెళ్తాయి. బతికున్నవాళ్ల కిడ్నీకైతే దగ్గరి బంధువులు కానప్పుడు అనుమతి కమిటీ ఒప్పుకోవాలి, డబ్బు చేతులు మారకూడదు. అయినా 2023లో పెందుర్తిలో బయటపడ్డ కిడ్నీ దందాలో, డబ్బు ఆశ చూపించి మనిషి కిడ్నీ తీసుకున్నారన్న ఆరోపణ వచ్చింది. అప్పులవాళ్లు ఇంటి ముందు నిలబడ్డప్పుడు పెట్టే సంతకాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అనగలమా? అందుకే చట్టం ఇక్కడ మనిషి ‘సరే’ అన్నదాన్ని కూడా నమ్మకుండా, దాని వెనక ఏముందో తవ్వి చూడమంటుంది.

సూత్రాలొక్కటే దారి కాదు. ఫలితం ఏ వైపు ఎక్కువమందికి మేలు అని చూసే ఆలోచన ఒకటుంది, ఫలితం ఎలా ఉన్నా మాట తప్పకూడదనే ధర్మం ఒకటుంది, పాత కేసుల్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూసే పద్ధతి ఒకటుంది. రోజువారీ ఓపీలో బాగా అక్కరకొచ్చేది, కాగితం మీద నాలుగు గళ్లు గీసుకునే పద్ధతి. ఒక గడిలో జబ్బు సంగతి, దానికున్న వైద్యం. రెండో గడిలో రోగి కోరిక. మూడో దానిలో ఈ వైద్యం తర్వాత ఆయన బతుకు ఎలా ఉంటుంది. నాలుగోదానిలో డబ్బు, కుటుంబం, చట్టం, దూరం.

తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్. దాని పరీక్షల్లో ఈ గళ్ల అవసరం బాగా తెలుస్తుంది. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో పెద్దఎత్తున పరీక్షలు చేసి, ఫలితం చూపే కార్డులిస్తోంది. తల్లిదండ్రులిద్దరూ జన్యువు మోసేవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది పెళ్లికి ముందే తెలిస్తే చాలా బాధ తప్పుతుంది. కానీ ఒక చిన్న ఊళ్లో ఆ కార్డు ఎవరి కంటైనా పడితే, ఏ జబ్బూ లేని, జన్యువు మాత్రమే మోసే అమ్మాయికి సంబంధాలు ఆగిపోతాయి. మొదటి గడి నిండిపోయి, నాలుగోది ఖాళీగా వదిలేస్తే జరిగేది ఇదే. కార్డు ఎవరి చేతికివ్వాలి, ఎవరి ముందు వివరించాలి, అబ్బాయినీ అమ్మాయినీ ఇద్దర్నీ పరీక్షించి ఇద్దరికీ విడివిడిగా చెప్పాలా అన్నవి రక్తం తీయకముందే తేల్చుకోవాల్సిన సంగతులు.

అగనంపూడి తండ్రి కేసుకి గళ్లు నింపితే మొదటి, మూడో, నాలుగో గళ్లు గబగబా నిండుతాయి. బయాప్సీ రిపోర్టు ఉంది, కీమో లెక్క ఉంది, కొడుకు చెప్పిన భయమూ ఉంది. రెండో గడి మాత్రం ఖాళీ. దాన్ని నింపగలిగిన మనిషి తలుపవతల బెంచీ మీద, ఫైలు ఒళ్లో పెట్టుకుని, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తున్నాడు.